మానిటర్ మీది బొట్టు

కంప్యూటర్లు బాగుచేసే పనిలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట, "ఎవ్వలు ముట్టలే సార్." ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, లైటు వెలుగుతూ ఉంటుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. చుట్టూ నిలబడ్డవాళ్లంతా ఒకే గొంతుతో ఆ మాటే అంటారు. ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే అలిగి కూర్చుందని మనం నమ్మాలన్నమాట! మొదట్లో నాకు ఒళ్లు మండిపోయేది. పచ్చి అబద్ధాలు చెబుతున్నారని మనసులోనే తిట్టుకుంటూ స్క్రూలు విప్పేవాణ్ణి. ఆ కోపం బోధన్‌లో ఒక దసరా మర్నాడు వదిలింది. ఆ సంగతే చెబుతాను.

నేను నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ షాపులో సర్వీసు పని చేసి ఈమధ్యే విశ్రాంతిలోకి వచ్చాను. మా వైపు స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడినీ 'ఇంజనీరు సాబ్' అంటారు కాబట్టి నేనూ ఇంజనీరునే. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. "సార్, డిస్‌ప్లే వస్తలేదు, ఏం జెయ్యాలె?" అని. కేబుల్ చూడండి, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టండి, ఇవన్నీ వీడియోల్లో ఉన్నాయి, నాకంటే బాగా చెబుతారు. వీడియోల్లో చెప్పని ముక్క ఒకటి నా దగ్గరుంది.

ముందు మా షాపులో నాతో పనిచేసిన ఇంకో ఇంజనీరు గురించి చెప్పాలి. ఆయనది వర్ని వైపు. కాలువ కింద పొలం ఉంది, పొలం కంటే పెద్ద నోరు ఉంది. కస్టమర్ ముందు కంప్యూటర్ విప్పితే చాలు, హరికథ మొదలయ్యేది. "ఇగో, గిది గుండె," అని కరెంటు డబ్బా చూపించేవాడు. "గిది మెదడు. గిది కడుపు, తిన్నదంత దీంట్లనే దాసుకుంటది." చివరగా పచ్చటి ర్యామ్ పట్టీ బయటికి లాగి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "గిది ప్రాణం. గిది గిట్ల తీస్తే మనిషి పాయె, గిట్ల పెడితే మనిషి అచ్చె!" అనేవాడు. జనం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. నేను చెప్పేది సరిగ్గా ఉండేది, ఆయన చెప్పేది గుర్తుండేది. దాని ఫలితం ఏమిటో నాకు తర్వాత తెలిసొచ్చింది.

బోధన్‌లో మాకొక పాత కస్టమర్ ఉండేవాడు, ప్రింటింగ్ ప్రెస్ యజమాని. తండ్రి కాలంలో సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చి అచ్చువేసిన ప్రెస్ అది. ఈయన కాలానికి కంప్యూటర్ వచ్చింది. పెళ్లి కార్డులే అసలు గిరాకీ. తెలుగువి, మరాఠీవి, ఉర్దూవి, మూడూ అక్కడే. తెలుగు, మరాఠీ పని ఏ మిషన్ మీదైనా అయిపోతుంది. ఉర్దూ పని మాత్రం ఒక్క పాత మిషన్ మీదే అవుతుంది. ఆ ఉర్దూ సాఫ్ట్‌వేర్‌కు వేలెడంత తాళం ఒకటి ఉండేది. దాన్ని కంప్యూటర్ వెనక వెడల్పాటి పాత ప్రింటర్ పోర్టుకు తగిలిస్తేనే అది తెరుచుకుంటుంది. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టే ఉండదు. అంటే ఆ ముసలి మిషన్ పోతే ఆ ప్రెస్సులో ఉర్దూ పని పోయినట్టే.

ఆ మిషన్ మీద కూర్చునే ఆపరేటర్ ఒక ముస్లిం అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటి ఉంటాయి. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడట, అది మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు. తల్లి బీడీలు చుడుతుంది. నెల తిరిగేసరికి ఆ ఇంటికి ఖాయంగా వచ్చేది ఈమె జీతమే. మూడు భాషలూ చకచకా కొట్టేది. నేను సర్వీసుకు వెళ్లినప్పుడల్లా, "సార్, దీనికి ఇంకో రెండేండ్లు ఆయుస్సు పొయ్యుండ్రి," అని నవ్వేది.

ఆ దసరా మర్నాడు పొద్దెక్కాక ప్రెస్ యజమాని ఫోన్ చేశాడు. పండుగ మాంసం కూర మిగిలింది, ఆ రోజు సెలవు పెట్టి హాయిగా తిని పడుకుందామనుకున్నాను.

"సార్, మా ఉర్దూ మిషన్ పాయె. తెర నల్లగైంది. బస్టాండ్ కాడి రిపేరాయన సూసిండు. నీళ్లు వోయినయ్, మదర్‌బోర్డు కాలిపోయింది అన్నడు. మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి, నిజమేనా కాదా అని."

"నీళ్లెట్లా పోయినయ్?" అన్నాను.

"మా ఆపరేటరే పోసింది సార్. తడిబట్టతోని తుడిసింది. నా కండ్లార సూసిన."

బస్సెక్కాను. బోధన్ దారిలో ఒకప్పుడు చెరకు బండ్లకు దారివ్వలేక డ్రైవర్లు విసుక్కునేవాళ్లు. ఇప్పుడు ఎటు చూసినా వరి. కిటికీ పక్కన కూర్చుని నేను ఒకటే ఆలోచిస్తున్నాను. తడిబట్ట తగిలితే మానిటర్ పాడవ్వొచ్చు, కింద డబ్బాలో మదర్‌బోర్డు ఎందుకు కాలుతుంది? బస్టాండ్ దగ్గరాయన మూత విప్పకుండానే తీర్పు చెప్పాడని నాకు గట్టి అనుమానం.

ప్రెస్సులో అడుగుపెట్టగానే ఆపరేటర్ కనబడింది. తన కుర్చీలో కూర్చోలేదు. కార్డులు కొనడానికి వచ్చేవాళ్లు కూర్చునే బెంచీ మీద, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది గానీ, ఎప్పటిలా నవ్వలేదు.

"అల్లా కసం సార్, నేను నీళ్లు పొయ్యలే," అంది. "పొద్దుగాల వచ్చి సూస్తే తెర నడుమ పెద్ద బొట్టు ఉండె. పసుపు, దాని మీద కుంకుమ. గట్లుంటే అక్షరాలు ఎట్ల గనబడ్తయ్? బట్ట తడిపి, మంచిగ పిండి తుడిసిన. తర్వాత బటన్ ఒత్తిన. నల్లగనే ఉంది."

"తుడవకుంటే ఏమాయె?" అన్నాడు యజమాని గల్లా పెట్టె దగ్గర నుంచే. "పూజ జేసిన బొట్టు అది. ఒక్క దినం ఉంటే ఏం బోతుండె?"

"ఇయ్యాల సాయంత్రం కార్డు సూసుకోనీకి పెండ్లోళ్లు వస్తరని మీరే గద అన్నా చెప్పింది!" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి నాతో, "బొట్టు తుడిసిన అని అందరు ఒక్క తీరుగ సూస్తున్నరు సార్. బొట్టు మీద నాకేం కోపం ఉంటది? మా గల్లీల బతుకమ్మకు తంగేడు పూలు తెంపేటోళ్లల్ల నేనే ముంగట ఉంటుంటి," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చాలా బాధేసింది. యజమాని చెడ్డవాడు కాడు, పండుగకు ఆమెకు చీర పెట్టే మనిషే. కోపమొస్తే మాత్రం నోటికి తాళం ఉండదు.

"సార్, దాపరికమెందుకు," అన్నాడు ఆమె ముందే. "బోర్డు పోయిందంటే ఉర్దూ పని బంద్. మిషనే లేనప్పుడు మనిషెందుకు నాకు? రేపటి సంది రావొద్దని చెప్తా. మీరు ఒక్క మాట అనుండ్రి, అంతే."

వినండి, నా సర్వీసులో ఎన్నో బోర్డులు పోయాయని చెప్పాను, ఎప్పుడూ నోరు వణకలేదు. ఆ రోజు మాత్రం ఆ 'ఒక్క మాట' నా నాలుక మీద బండరాయిలా కూర్చుంది. బోర్డు నిజంగా పోయి ఉంటే ఏం చెప్పాలి? పోలేదని అబద్ధమాడి ప్రయోజనం లేదు, తెర నల్లగానే ఉంటుంది కదా.

"ముందు చాయ్ చెప్పన్నా," అని కింద కూర్చున్నాను.

మానిటర్ తీసి పక్క మిషన్‌కు తగిలించాను. బ్రహ్మాండంగా వెలిగింది. "చూసిండ్రా, తడిబట్ట తగిలింది దీనికి. ఇది మంచిగనే ఉంది," అన్నాను. ఆమె ముఖంలోకి కొంచెం కళ వచ్చింది. యజమాని ఊరుకోలేదు. "నీళ్లు కిందికి కారినయేమో సార్," అన్నాడు. సరే, డబ్బా మూత తీశాను. లోపల ఎక్కడా తడి లేదు, తడి ఆరిన మరక కూడా లేదు. దుమ్ము ఉంది, శుభ్రమైన పొడి దుమ్ము. నీళ్లు పడితే దుమ్ము మీద చారలు కట్టి తీరాలి.

మరి ఎందుకు వెలగడం లేదు?

నా సంచీలో చిన్న స్పీకరు ఒకటి ఎప్పుడూ ఉండేది, చొక్కా గుండీ అంత. మదర్‌బోర్డుకు ఏదైనా నొప్పి ఉంటే కూత పెట్టి చెబుతుంది, కానీ ఆ కూత వినిపించే స్పీకరు చాలా డబ్బాల్లో ఉండదు. మూగవాడి దగ్గర కూర్చుని రోగమేమిటని అడిగినట్టు ఉంటుంది మన పని. స్పీకరు తగిలించి బటన్ నొక్కాను. పొడుగ్గా ఒక కూత, కొంచెం ఆగి మళ్లీ ఒక కూత.

నాకు ప్రాణం లేచి వచ్చింది. కూత పెట్టిందంటే బోర్డు బతికే ఉంది! ర్యామ్ దొరకడం లేదని గోల చేస్తోంది, అంతే. "బోర్డు కాలలేదన్నా," అని గట్టిగానే అరిచాను. "కాలితే ఇట్ల మొత్తుకోదు."

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది పెట్టాను. అదే కూత. నా సంచీలో ఉన్న వేరే ర్యామ్ పెట్టాను. మళ్లీ అదే కూత. ఆ బోర్డు మీద ర్యామ్ పెట్టే స్లాట్లు రెండే, అందులో ఒకటి ఎప్పుడో చెడిపోయింది. మిగిలిన ఈ ఒక్కటీ పోయిందంటే బోర్డు కాలకపోయినా కాలినట్టే లెక్క. బ్లోయరుతో గాలి కొట్టాను. దుమ్మంతా నా ముక్కులోకి వచ్చింది తప్ప కూత మారలేదు. నేను తుమ్ముతూ ఉంటే ఆపరేటర్ మంచినీళ్ల సీసా తెచ్చిచ్చింది. ఇస్తూనే, మిషన్‌కు నీళ్ల చుక్క ఎక్కడ తగులుతుందోనని వెంటనే వెనక్కి లాక్కుంది.

"అన్నా, దీన్ని ఎవరైనా విప్పిండ్రా?" అని అడిగాను.

"ఎవ్వలు ముట్టలే సార్."

ఇదిగో, వచ్చేసింది! ఒళ్లు మండింది. అంతలో చాయ్ వచ్చింది కాబట్టి తిట్టకుండా బతికిపోయాను. చాయ్ తాగుతూ, కోపం దిగడానికి వేరే మాట కలిపాను. "పండుగ మంచిగైందా అన్నా?"

అంతే, ఆయన ముఖం వెలిగిపోయింది. "మంచిగనా? మా బాపు జేసినట్టు జేసిన సార్ ఈసారి. మిషన్లన్ని కడిగి, తుడిసి, ఒక్కొక్క దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ గొట్టినం. పొద్దుమీకి జమ్మి కాడికి వోయి, పాలపిట్టను సూసి, బంగారం దెచ్చి..."

మా వైపు దసరా నాడు జమ్మి ఆకునే బంగారం అంటాం. చిన్నవాళ్లు పెద్దల చేతిలో ఆ ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు, పెద్దలు దీవిస్తారు. గల్లా పెట్టెలో ఒక రెమ్మ, బండికి ఒక రెమ్మ, నాగలికి ఒక రెమ్మ.

"బంగారం తెచ్చి?" అన్నాను.

"మా బాపు అచ్చు మిషన్ ఇప్పి, గుండెకాయ లాంటి జాగల బంగారం పెడుతుండె. మిషన్ ఏడాదంత కడుపు సల్లగ పనిచేస్తదని. గిదేమో ఉర్దూ కార్డులకు ఇదొక్కటే దిక్కాయె. దీనికి పెట్టకుంటెట్ల? ఇప్పి పెట్టిన."

నా చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. "విప్పి ఎక్కడ పెట్టినవన్నా?"

"ఎక్కడేంది సార్, మీ షాపాయనే గద చెప్పిండు, ప్రాణమంత గా పచ్చ పట్టీలనే ఉన్నదని! గా పట్టీ తీసి, కండ్లకద్దుకొని, గా సందుల బంగారం పెట్టి మల్ల ఒత్తిన. జెర గట్టిగ ఒత్తాల్సొచ్చె గని, టక్కుమని కూసున్నది."

"పెట్టినంక ఆన్ చేసి చూసినవా?"

"పండుగ నాడు మిషన్‌కు పని చెప్తరా సార్!" అన్నాడు, నేను ఏదో పాపం మాట అన్నట్టు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామని చాయ్ మింగితే అది కాస్తా ముక్కులోకి పోయింది. వర్ని హరికథ ఇక్కడికొచ్చి ఆకు మేసింది!

టార్చి వేసి, భూతద్దం పెట్టి స్లాటులోకి చూశాను. లోపల అడుగున, పసిడి రంగు సన్నటి పళ్ల మీద, ఆకుపచ్చగా ఏదో అణిగిపోయి అంటుకుని ఉంది. నా చత్వారానికి అంతకుముందు అది కనబడనేలేదు. సన్నటి పట్టకారుతో మెల్లగా లాగాను. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్ద ఆకు ఒకటి వచ్చింది, నలిగిపోయింది. ఇంకోటి వచ్చింది. మూడోది లోపలి మూలలో నలగకుండా దాక్కుని ఉంది, అది చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. మూడింటినీ ఒక తెల్లకార్డు ముక్క మీద వరసగా పెట్టాను.

స్లాటును స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, వాళ్ల పాత ర్యామే పెట్టాను. బటన్ నొక్కేముందు ఆపరేటర్ వైపు చూశాను. ఆమె రెండు చేతులూ దువా పట్టినట్టు పెట్టుకుంది. యజమాని గోడ మీది దేవుడి పటం వైపు తిరిగాడు. ఇద్దరి సిఫారసూ ఉంది కదా అని నొక్కాను.

ఒకే ఒక్క పొట్టి కూత. తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి.

అబ్బ! ఎన్నివేలసార్లు చూసి ఉంటాను ఆ అక్షరాలను, ఆ రోజు మాత్రం బిడ్డ పుట్టిందన్న కబురులా అనిపించాయి. ఆపరేటర్ బెంచీ మీద నుంచి లేచి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఎవరినీ అడగలేదు. ఉర్దూ సాఫ్ట్‌వేర్ తెరిచింది, దాని తాళం దానికి దొరికింది, పండుగకు ముందు సగంలో ఆపేసిన పెళ్లి కార్డు తెర మీదికి వచ్చింది. ఆమె మౌస్ వదిలేసి, చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను, నిజంగానే మసకగా ఉంది.

యజమాని చాలాసేపు ఆ కార్డు ముక్క మీది ఆకులనే చూస్తూ ఉన్నాడు. చివరికి చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. నలగని ఆ ఒక్క ఆకునూ తీసుకుని ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు. మా వైపు పద్ధతి మీకు చెప్పాను కదా, బంగారం చిన్నవాళ్లు పెద్దలకు ఇస్తారు. ఆయన ఆమె కంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. ఆ ఆకును కుడి అరచేతిలో పెట్టుకుని, ఎడమచేయి కింద ఆనించి ఆమె ముందు చాపాడు.

"బంగారం తీస్కో బిడ్డా," అన్నాడు. "తప్పు నాది. నిన్ను అనరాని మాటలన్న. మిషనున్నా లేకున్నా నీ కుర్చీ నీదే."

ఆమె కంగారుగా లేచి నిలబడింది. ఆకు తీసుకుంది, కళ్లకద్దుకుంది. ముక్కు తుడుచుకుంటూనే, "తీస్కుంట గని అన్నా, వచ్చే దసరాకు దీన్ని గల్లా పెట్టెల పెట్టుండ్రి," అంది. యజమాని ముందు నవ్వాడు, తర్వాత మేమంతా నవ్వాం. సాయంత్రం పెళ్లివాళ్లు వచ్చేసరికి కార్డు సిద్ధంగా ఉంది. నేను అప్పటికే మిగిలిన కూర కోసం నిజామాబాద్ బస్సెక్కేశాను.

వర్ని ఆయనకు ఈ కథ చెబితే ఆయన ఏమన్నాడో తెలుసా? "సూసినవా, నేను చెప్పింది జనం మర్సిపోరు!" అని పొంగిపోయాడు. ఆయన్ని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నేను చెప్పాలనుకున్న ముక్క ఇదే. ఆ రోజు నుంచి నేను "ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడగడం మానేశాను. జనం అబద్ధం చెప్పరు. ప్రేమతో చేసిన పనిని వాళ్లు ముట్టుకోవడం కింద లెక్కపెట్టరు. అందుకే, "ఈమధ్య దీనికి మీరేం మేలు చేశారు?" అని అడిగేవాణ్ణి. అబ్బో, వరదలా చెప్పేవాళ్లు! చలికాలమని దుప్పటి కప్పామనీ, చీమలు రాకుండా లోపల పసుపు చల్లామనీ. సగం రోగాలు అక్కడే దొరికేవి.

రిటైరయ్యాక ఒకసారి ఏదో పెళ్లికి బోధన్ వెళ్లి, తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే వెనక నుంచి "సార్!" అని పిలుపు. ఆపరేటరే. ఆ ప్రెస్సులోనే ఉందట, ఆ ముసలి మిషనూ ఉందట. మాట్లాడుతూ మాట్లాడుతూ నా నెంబరు రాసుకోవడానికి ఫోన్ తీసింది. వెనక పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ కవరు, దాని లోపల ఎండి గోధుమరంగులోకి తిరిగిన చిన్న ఆకు. నేను దానివంకే చూడటం ఆమె గమనించింది.

"భయపడకుండ్రి సార్," అంది నవ్వుతూ, ఫోన్ నావైపు తిప్పి చూపించింది. "బయటనే పెట్టిన. డిస్‌ప్లే మంచిగ వస్తుంది."